పాత పెళ్లి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ కొంటున్నారా? క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టేముందు ఇది చదవండి

ఇంట్లో వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్లు ఉండి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఆన్‌లైన్‌లో ఆరేడు వందలకి దొరికే క్యాప్చర్ పుల్ల కొనబోతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇప్పటికే కొనేసినవాళ్లు కూడా చదవండి. నేను పెట్టిన రూ. 649 నాకు తిరిగొచ్చింది. మా నానమ్మ గొంతు మాత్రం పోయింది.

మా అక్క పెళ్లి 1994లో రామచంద్రపురంలో జరిగింది. వీడియో తీసినాయన మూడు గంటల ఈ-180 క్యాసెట్ ఒకటి ఇచ్చాడు. అందులో మొదటి పావుగంటలోనే, అక్కని పెళ్లికూతుర్ని చేసిన రోజు నానమ్మ హారతి పడుతూ పాడిన పాట ఉంది. నానమ్మ 1996లో పోయింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా రికార్డు కాలేదు. అక్క ముప్పయ్యో పెళ్లిరోజుకి ఆ వీడియోని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇద్దామనుకున్నాను. మా వీధిలో ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడిపిన పెద్దాయన దగ్గర వీసీఆర్ ఒకటి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఇక కావాల్సింది వీసీఆర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య పెట్టే పరికరమే కదా అని ఆన్‌లైన్‌లో వెతికాను.

నేను కొన్నదానికి నాలుగున్నర స్టార్లు ఉన్నాయి. పేజీ మీద "యూఎస్‌బీ 3.0, 1080పి హెచ్‌డీ రికార్డింగ్, ప్లగ్ చేస్తే చాలు" అని రాశారు. వచ్చాక చూస్తే ఆ మూడింట్లో ఒక్కటీ నిజం కాదు. ప్లగ్ లోపల ప్లాస్టిక్ నీలం రంగులో ఉంది కానీ, లోహపు పట్టీలు నాలుగే ఉన్నాయి. నిజమైన యూఎస్‌బీ 3.0 ప్లగ్‌లో ముందు నాలుగు, లోపలివైపు ఇంకో ఐదు, మొత్తం తొమ్మిది ఉంటాయి. నీలం రంగు ఎవరైనా వేసుకోవచ్చు, ఆ ఐదు పట్టీలు ఉన్నాయో లేదో చూడాలి. 1080పి మాట అయితే అసలు అర్థం లేనిది. మన దేశంలో వీసీఆర్ పసుపు తీగలోంచి వచ్చేది పాల్ అనే పద్ధతి సిగ్నల్. అది కంప్యూటర్‌లోకి వెళ్లేది 720 బై 576 సైజులోనే, సెకనుకి 25 ఫ్రేములు. ఈ పని మామూలు యూఎస్‌బీ 2.0 హాయిగా చేస్తుంది. కాబట్టి పసుపు, తెలుపు, ఎరుపు తీగలున్న పరికరం మీద 1080పి అని కనిపిస్తే, ఆ అమ్మేవాడికి సరుకు తెలియదు, లేదా తెలిసే అబద్ధం రాస్తున్నాడు. ఆ పేజీ అక్కడే మూసేయండి.

రివ్యూలు నింపాదిగా చదివి ఉంటే నాకు ముందే తెలిసేది. సగం రివ్యూల్లోని ఫోటోలు వేరే వస్తువువి, హెచ్‌డీఎంఐ తీగవి. పాత వస్తువు పేజీలోనే కొత్త వస్తువు పెట్టి అమ్ముతున్నారన్నమాట. డబ్బాలో ఇంకో చిన్న కార్డు కూడా వచ్చింది, ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలు వెనక్కి ఇస్తామని. డబ్బా మీద దిగుమతిదారు పేరు లేదు, చిరునామా లేదు, ఏ దేశంలో తయారైందో లేదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవన్నీ ఉండి తీరాలని మన తూనికలు కొలతల చట్టం చెబుతోంది.

డ్రైవర్, అంటే ఈ పరికరాన్ని కంప్యూటర్ చేత పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఒక చిన్న సీడీలో ఇచ్చారు. నా లాప్‌టాప్‌లో సీడీ డ్రైవే లేదు, ఇప్పుడు ఎవరి దాంట్లో ఉంటుంది చెప్పండి! కాగితం మీద ఉన్న లింకు నుంచి దించి ఇన్‌స్టాల్ చేస్తే, ఈ పరికరానికి డ్రైవర్ లోడ్ కాదని విండోస్ 11 చెప్పింది. కారణం మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ. పాత, సరిగా రాయని డ్రైవర్లని అది లోపలికి రానివ్వదు. అమ్మినవాళ్లకి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే, ఆ రక్షణ తీసేయండి, డ్రైవర్ సంతకం తనిఖీ కూడా ఆపేయండి అన్నారు. నేను ఆపేశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి. బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్‌కి తలుపు తీసి పెట్టడమే అది. ఎవరైనా ఆ మాట అన్నారంటే వెంటనే రిటర్న్ పెట్టేయండి.

ఇంకో సంగతి. బయటికి ఒకేలా కనిపించే ఈ పుల్లల్లో రకరకాల చిప్‌లు ఉంటాయి. ఎస్‌టీకే1160, యూటీవీ007, ఎస్‌ఎంఐ2021, ఈఎం2860 అని. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి పనికిరాదు. మీ స్నేహితుడికి బాగా పనిచేసిందని అదే ఫోటో చూసి కొంటే, మీకు వచ్చేది అదే చిప్ అని నమ్మకం లేదు. పరికరం పెట్టాక డివైస్ మేనేజర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే వీఐడీ, పీఐడీ అంకెలు కనిపిస్తాయి. అవి పట్టుకుని వెతికితే లోపల ఏ చిప్ ఉందో తెలిసిపోతుంది. లినక్స్ వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, చాలా చిప్‌లకి డ్రైవర్ అందులోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు నష్టం ఎలా జరిగిందో చెప్తాను.

డ్రైవర్ పట్టిన రోజు అక్క పెళ్లి క్యాసెట్టే పెట్టాను. బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది, కింది భాగం తెగిపోయింది. శబ్దం అసలే లేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మర్నాడు తెలిసింది, పరికరం అమెరికా, జపాన్‌లలో వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంది. వీడియో డీకోడర్ సెట్టింగ్‌లో దాన్ని పాల్-బి చేస్తే రంగులొచ్చాయి. కానీ పుల్ల తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ అది ఎన్‌టీఎస్‌సీకే వెళ్లిపోయేది. శబ్దం ఇంకా లేదు. మూడో రోజు, పరికరం శబ్దాన్ని విండోస్ మైక్‌గా చూస్తుందనీ, ప్రైవసీ సెట్టింగుల్లో మైక్‌కి అనుమతి ఇవ్వాలనీ తెలిసింది. అనుమతిస్తే వచ్చింది, మాట వినపడకుండా జుయ్ మనే మోత! లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే సగం తగ్గింది.

ఇదంతా చేస్తున్న ప్రతిసారీ క్యాసెట్ మొదటికి తిప్పి ఆడిస్తూ వచ్చాను. అంటే నానమ్మ పాట ఉన్న ఆ పావుగంటే మళ్లీ మళ్లీ, టేపుని చదివే హెడ్ మీద నడిచింది. మా వైపు తేమకి టేపు అంచుల మీద తెల్లగా బూజు పట్టి ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు. వీసీఆర్‌లో టేపుని లాగే రబ్బరు రోలర్ ఏళ్ల తరబడి వాడక గట్టిపడిపోయి ఉంది. అదీ చూసుకోలేదు. పదోసారో పన్నెండోసారో ఆడిస్తుండగా లోపల పటపటమని శబ్దం వచ్చింది, బొమ్మ ఆగిపోయింది. పై మూత విప్పి చూస్తే టేపు రోలర్‌కి చుట్టుకుపోయి ఉంది.

జాగ్రత్తగా తీశాం. మూడడుగుల దాకా నలిగింది. పాల్ వీహెచ్‌ఎస్ టేపు సెకనుకి రెండు సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో నడుస్తుంది, అంటే ఇంచుమించు నలభై సెకన్లు. పాట మొత్తం అంతే. వీహెచ్‌ఎస్‌లో మామూలు మోనో శబ్దం టేపు పై అంచున సన్నటి గీతలా రాసి ఉంటుంది. ముందుగా నలిగేది ఆ అంచే. సాపు చేసి ఆడిస్తే బొమ్మ గీతలు గీతలుగా కాస్త కనపడింది, గొంతు మాత్రం రాలేదు.

మొదటి రోజు ఎక్కిన ఫైల్ నా దగ్గర ఉంది. అందులో నానమ్మ హారతి పళ్లెం పట్టుకుని పాడుతోంది. నలుపు తెలుపులో, శబ్దం లేకుండా. వీసీఆర్‌ని టీవీకి కలపకుండా నేరుగా పుల్లకే తీగలు పెట్టాను కాబట్టి, ఆ నాలుగు రోజుల్లో ఆ పాట మా ఇంట్లో ఎవరూ వినను కూడా వినలేదు.

అందుకే అందరినీ బతిమాలి చెప్తున్నాను. పరికరం సంగతి తేలేదాకా అసలు క్యాసెట్ ముట్టుకోకండి. ఏదైనా పాత సినిమా క్యాసెట్టో, టీవీ నుంచి రికార్డు చేసిందో, పోయినా బాధ లేనిది ఒకటి తెచ్చి దానితోనే అన్నీ సరిచూసుకోండి. రంగు, శబ్దం, అరగంట ఆగకుండా ఎక్కడం, అన్నీ. టేపు మీద బూజు కనపడితే అసలు ఆడించకండి. ఆ బూజు హెడ్ మీదికి చేరి, తర్వాత పెట్టే క్యాసెట్లకీ అంటుకుంటుంది. వీసీఆర్‌ని పాత టీవీ మెకానిక్ ఎవరికైనా చూపించి రోలర్, బెల్టులు, హెడ్ చూడమనండి. కొత్త వీసీఆర్ కొందామన్నా లేదు, చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇక అసలు క్యాసెట్ మొదటిసారి ఆడించేటప్పుడు వీసీఆర్‌ని టీవీకే కలపండి, ఎదురుగా ఫోన్ పెట్టి వీడియో తీసుకోండి. నాణ్యత బాగుండదు, నాకు తెలుసు. ఆ పని చేసి ఉంటే ఇవాళ నా దగ్గర ఆ పాట ఉండేది.

మిగిలిన రెండున్నర గంటలూ రోలర్ మార్పించాక ఎక్కించాను. అప్పుడు కూడా ఈ పుల్ల తిన్నగా పనిచేయలేదు. కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన ప్రతి అతుకు దగ్గరా ఫ్రేములు వదిలేసింది. పాత టేపు సిగ్నల్ నిలకడగా ఉండదు, చవక చిప్ దాన్ని తట్టుకోలేదు. గంట అయ్యేసరికి పురోహితుడి పెదవులకీ మంత్రాలకీ రెండు సెకన్ల తేడా వచ్చింది. చివరికి కాకినాడలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన, వీసీఆర్‌కీ క్యాప్చర్‌కీ మధ్య తన పాత డీవీడీ రికార్డర్ పెట్టి, తన పరికరంతో ఎక్కించి ఇచ్చారు. కొన్ని డీవీడీ రికార్డర్లు వణికే సిగ్నల్‌ని కుదురుగా చేసి బయటికి పంపుతాయి. ఈ పనికే టైమ్ బేస్ కరెక్టర్ అని విడిగా ఒక యంత్రం ఉంది కానీ చాలా ఖరీదు.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు సోర్స్ మీద రైట్ క్లిక్ చేసి డీఇంటర్‌లేసింగ్‌లో యాడిఫ్ 2ఎక్స్ పెట్టండి, మనుషులు కదిలినప్పుడు వచ్చే దువ్వెన పళ్లలాంటి గీతలు పోతాయి. డిస్క్‌లో ఖాళీ కూడా చూసుకోండి. కుదించకుండా ఎక్కిస్తే గంటకి 75 జీబీ దాకా అవుతుంది. ఎంపెగ్-2 అనే కుదించే పద్ధతిలో సెకనుకి 8 మెగాబిట్లు పెడితే గంటకి మూడున్నర జీబీ చాలు.

హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కొనేవాళ్లకి ఒక్క మాట. చవక వాటి మీద 4కే అని ఉంటే, అది లోపలికి తీసుకునే సిగ్నల్ గురించి. యూఎస్‌బీ 2.0 రకమైతే బయటికి వచ్చేది మామూలుగా 1080పి, సెకనుకి 30 ఫ్రేములే. సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే నల్ల తెర వచ్చిందంటే పరికరం పాడైందని కాదు, అది కాపీ చేయనివ్వకుండా పెట్టిన హెచ్‌డీసీపీ రక్షణ.

డబ్బు సంగతి. సీల్ తీశారు కాబట్టి వాపసు లేదని అమ్మినవాళ్లు మొండికేశారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, వస్తువులో లోపం ఉన్నా, పేజీలో రాసినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నాలుగు పట్టీలున్న నీలం ప్లగ్ ఫోటో, పేజీలో రాసిన మాటల స్క్రీన్‌షాట్ పక్కపక్కన పెట్టి పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులోనే మాట్లాడాను. మూడు వారాలకి రూ. 649 ఖాతాలో పడింది. మీరు కూడా పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, పేజీ స్క్రీన్‌షాట్ కొన్న రోజే దాచుకోండి. మా గొడవ మొదలయ్యాక వాళ్లు పేజీలో 3.0 అన్న మాట తీసేశారు.

మా ఇంట్లో ఇంకో క్యాసెట్ మిగిలింది. న్యూజెర్సీలో ఉండే పిన్ని 1998లో పంపింది, తమ్ముడి అన్నప్రాశన. అది ఎన్‌టీఎస్‌సీలో ఉంది. మన వీసీఆర్‌లు కొన్ని దాన్ని ఆడించినా బయటికి పంపేది పాల్-60 అనే సగం సగం సిగ్నల్, అది చాలా క్యాప్చర్ పరికరాలకి ఎక్కదు. నిజంగా ఎన్‌టీఎస్‌సీ ఇచ్చే వీసీఆర్ కోసం చూస్తున్నాను. కాకినాడ, రాజమండ్రి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ముందు ఒక పాత క్యాసెట్‌తో ఆడించి చూసుకున్నాకే మాది పెడతాను. అప్పటిదాకా అది బీరువాలోనే ఉంటుంది.