8 నంబరు సూది అంటే ఏ సూది? 11 ఏళ్ల అల్లిక తర్వాత నా సమీక్ష

ఊలు అల్లడం మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నవి అమ్మ వాడిన అల్యూమినియం సూదులు, అవీ ఒకే ఒక్క జత. వాటి తల మీద 8 అని ఉండేది. నాకు నచ్చిన స్వెటర్ నమూనాలో కూడా 8 నంబరు సూదులనే రాసి ఉంది. ఇంకేం కావాలి అనుకుని కుట్లు ఎక్కించేశాను. రెండు నెలలు అల్లాక తొడుక్కోబోతే స్వెటర్ భుజాల దగ్గరే ఆగిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ నమూనా అమెరికాది. అమెరికా లెక్కలో 8 అంటే 5 మి.మీ. లావు సూది. అమ్మ సూదులు పాత బ్రిటిష్ లెక్కవి, అందులో 8 అంటే 4 మి.మీ. జపాన్ సూదుల్లో అదే 8 అంటే 4.5 మి.మీ. పైగా అమెరికా, జపాన్ లెక్కల్లో నంబరు పెరిగేకొద్దీ సూది లావవుతుంది, పాత బ్రిటిష్ లెక్కలో సన్నబడుతుంది. అమెరికా 10 నంబరు సూది 6 మి.మీ. ఉంటే, బ్రిటిష్ 10 నంబరుది 3.25 మి.మీ. మాత్రమే. బ్రిటిష్ లెక్క లోహపు తీగల గేజిని పోలి ఉంటుంది. తీగల్లో కూడా నంబరు పెద్దదైతే తీగ సన్నం.

అప్పటినుంచి నేను నంబరు చూడటం మానేసి మిల్లీమీటర్లే చూస్తున్నాను. నా అల్లిక సంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడిన వస్తువు సూది కాదు, రంధ్రాలున్న చిన్న సూది కొలత పలక. సూది ఏ రంధ్రంలో బిగుతుగా కాకుండా, వదులుగా కాకుండా పూర్తిగా దూరుతుందో అదే దాని సైజు. మొన సన్నగా చెక్కి ఉంటుంది కాబట్టి మొనతో కొలవకూడదు, మధ్య భాగం దూరాలి. కొన్నేళ్లు వాడితే సూదుల మీద అచ్చువేసిన అంకెలు అరిగిపోతాయి. నా సూదుల్లో సగానికి పైగా ఇప్పుడు ఏ అంకే లేదు. ఈ పలక లేకపోతే వాటిని పక్కన పడేయాల్సి వచ్చేది.

అర మిల్లీమీటరు తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. 10 సెం.మీ.కి 20 కుట్లు వచ్చే అల్లికలో 200 కుట్లు ఎక్కిస్తే ఛాతీ చుట్టుకొలత 100 సెం.మీ. అవుతుంది. సూది కాస్త సన్నదై 10 సెం.మీ.కి 22 కుట్లు వస్తే అదే 200 కుట్లు దాదాపు 91 సెం.మీ. దగ్గరే ఆగుతాయి. రెండే రెండు కుట్లు, అయినా స్వెటర్ ఇంకొకరిది అయిపోతుంది. అందుకే ఎంత తొందరగా ఉన్నా ముందు ఒక చిన్న ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలుస్తాను.

ఆ ముక్కని ఏ సూదులతో అల్లానో వాటితోనే స్వెటర్ కూడా అల్లాలని ఇంకో స్వెటర్ నేర్పింది. దాని ఒంటి భాగం లోహపు సూదులతో అల్లాను. చేతులకి వచ్చేసరికి ఆ సూదులు వేరే అల్లికలో ఉండటంతో అదే 4 మి.మీ. వెదురు సూదులు తీసుకున్నాను. చేతుల అల్లిక కంటికి తెలిసేంత బిగుతుగా వచ్చింది. వెదురు ఊలుని పట్టి ఉంచుతుంది, లోహం మీద జారిపోతుంది. జారితే నా చేతి టెన్షన్, అంటే ఊలుని లాగి పట్టే బిగువు, ఒకలా ఉంటుంది, పట్టి ఉంచితే ఇంకోలా ఉంటుంది. మీ చేతికి ఇది తిరగబడవచ్చు కూడా, కాబట్టి కొలిచి చూసుకోవాల్సిందే. జారిపోయే నున్నటి దారానికి నేను వెదురు వాడతాను, మామూలు ఉన్నికి లోహం. ప్లాస్టిక్ సూదులు తేలికగా ఉంటాయి కాబట్టి 10 మి.మీ. దాటిన లావు సైజుల్లో మాత్రమే నాకు నచ్చాయి.

రకాల్లో మాత్రం నా ఓటు సర్క్యులర్ సూదులకే, అంటే రెండు పొట్టి సూదుల్ని వంగే తీగతో కలిపినవి. పొడవాటి తిన్నని సూదుల మీద స్వెటర్ పెరిగేకొద్దీ బరువంతా మణికట్టు మీద పడుతుంది. సర్క్యులర్ అయితే ఆ బరువు తీగ మీద, ఒళ్లో ఉంటుంది. మూడో ఏడు నా కుడి మణికట్టు నొప్పి పెట్టి మార్చాను, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. సర్క్యులర్ అంటే గుండ్రంగా అల్లడానికే అనుకుంటారు చాలామంది. ప్రతి వరుస చివర తిప్పి పట్టుకుంటే చదును ముక్కలు కూడా చక్కగా వస్తాయి. గుండ్రంగా అల్లేటప్పుడు తీగ పొడవు చూసుకోవాలి. కుట్లు దగ్గరికి ముడుచుకుంటాయి కానీ సాగవు, కాబట్టి సూది మొత్తం పొడవు అల్లిక చుట్టుకొలత కంటే తక్కువే ఉండాలి. టోపీకి 40 సెం.మీ., పెద్దవాళ్ల స్వెటర్ ఒంటికి 80 సెం.మీ. నాకు సరిపోయాయి. కొత్త తీగ చుట్టలు చుట్టుకుని విసిగిస్తే వేడినీళ్లలో కాసేపు ఉంచి తిన్నగా లాగితే మాట వింటుంది.

కొనేముందు తీగ, సూది కలిసే చోట వేలితో రాసి చూడండి. అక్కడ చిన్న గట్టు తగిలినా ప్రతి కుట్టూ అక్కడ ఆగుతుంది. మొనలు మార్చుకునే సెట్టులో ఇది ఇంకా ముఖ్యం. నా మొదటి సెట్టులో మొనని తీగకి బిగించే మర సరిగా పట్టేది కాదు, ఒకసారి వరుస మధ్యలో ఊడిపోయి 40 కుట్లు జారాయి. ఇప్పుడున్న సెట్టు ఆరేళ్లుగా బాగుంది, కానీ సెట్టుతో వచ్చిన చిన్న తాళంచెవితో బిగించకుండా ఒక్క వరుస కూడా మొదలుపెట్టను. సాక్సులకి మాత్రం రెండు వైపులా మొనలున్న అయిదు సూదుల సెట్టు, 2.5 మి.మీ. లావుది వాడతాను. పొడవాటి తీగ ఉన్న ఒకే సర్క్యులర్ సూదితో, మిగిలిన తీగని ఉచ్చులా బయటికి లాగి అల్లే మ్యాజిక్ లూప్ పద్ధతిలోనూ అల్లొచ్చు, కానీ నా చేతికి అయిదు సూదులే వేగం.

ఆ మొదటి స్వెటర్‌ని విప్పేసి, ఊలు ఉతికి చిలపలు చుట్టి, 5 మి.మీ. సూదులతో మళ్లీ అల్లాను. అడుగు పట్టీ, చేతి అంచుల పట్టీలు బిగుతుగా రావాలంటే ఒంటికంటే సన్నని సూది కావాలి, నమూనాలో వాటికి అమెరికా 6 నంబరు అని ఉంది. కొలత పలకలో చూస్తే సరిగ్గా 4 మి.మీ. ఆ పట్టీలన్నీ అమ్మ సూదులతోనే అల్లాను.