80 గుండ్లు, 40 సెకన్లు: మన నౌకల మీది 76 ఎంఎం గన్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది నేను కొన్న వస్తువు కాదు, మీరూ కొనలేరు. కానీ పన్నులు కడుతున్నాం కదా, ఆ లెక్కన రివ్యూ రాయొచ్చనే ధైర్యంతో రాస్తున్నాను.

విశాఖలో ఉండేవాళ్లకి తెలుసు, నేవీ డే రోజులు దగ్గర పడ్డాయంటే కొన్ని యుద్ధనౌకల్ని జనం చూడ్డానికి తెరుస్తారు. మా బావమరిది, నాలుగో తరగతి చదివే వాళ్ల అబ్బాయి, నేను, ముగ్గురం పొద్దున్నే బయల్దేరాం. గంటన్నర క్యూ తర్వాత కమోర్తా తరగతి కార్వెట్ (చిన్న రకం యుద్ధనౌక) ఒకటి ఎక్కాం, దాదాపు 3,000 టన్నుల నౌక, కోల్‌కతాలో కట్టింది. పిల్లాడికి క్షిపణులు కావాలి. నాకు మాత్రం ముందు డెక్ మీదున్న 76 ఎంఎం గన్ (అంటే గొట్టం లోపలి వెడల్పు 76 మిల్లీమీటర్లు) కావాలి, ఎన్నో ఏళ్లుగా బొమ్మల్లో చూస్తున్నది దగ్గరగా చూడాలని.

వాడి మొదటి మాట, "ఇంతేనా మావయ్యా?"

నిజమే, చూడ్డానికి గొప్పగా ఉండదు. గుండ్రటి బూడిద రంగు గుమ్మటం, అందులోంచి పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం. గుమ్మటాన్ని వేలితో తడితే ఇనుము మోత రాలేదు, నీళ్ల ట్యాంకు మూతని తట్టినట్టు డబ్‌మంది. పక్కనున్న నావికుడు నవ్వి, "అది ఇనుం కాద్సార్, ఫైబరు" అన్నాడు. శ్రీకాకుళం యాస, నేవీ హిందీ ఎంత మాట్లాడినా పోనట్టుంది. లోపల మనిషి ఎవరూ కూర్చోరు, కాపాడాల్సింది యంత్రాన్నే, అదీ ఎక్కువగా ఉప్పు గాలి నుంచీ అలల నుంచీ. అందుకే మొత్తం గన్ బరువు గుండ్లు లేకుండా ఎనిమిది టన్నుల లోపే. మన ఢిల్లీ తరగతి నౌకల మీది రష్యా 100 ఎంఎం గన్ దాదాపు 35 టన్నులు, తేడా మీరే చూసుకోండి.

తెలియనివాళ్ల కోసం కొంచెం పుట్టుపూర్వోత్తరాలు. డిజైన్ ఇటలీది, లా స్పెజియాలో ఉన్న ఓటో మెలారా కంపెనీ వాళ్లది, ఇప్పుడది లియొనార్డోలో కలిసిపోయింది. 1960ల్లో కాంపాక్ట్ అని తెచ్చారు, నిమిషానికి 85 గుండ్లు. తర్వాత 80ల్లో దాన్నే సూపర్ ర్యాపిడ్ చేశారు, నిమిషానికి 120. మన దగ్గర 90ల నుంచి హరిద్వార్‌లో బీహెచ్‌ఈఎల్ తయారు చేస్తోంది, నేవీ వాళ్లు ఎస్‌ఆర్‌జీఎం (సూపర్ ర్యాపిడ్ గన్ మౌంట్) అంటారు. బీహెచ్‌ఈఎల్ అంటే మనకి రామచంద్రాపురం, టర్బైన్లే గుర్తొస్తాయి, ఫిరంగులు కూడా చేస్తుందని నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ గన్‌లో నాకు బాగా నచ్చింది, ఎక్కడైనా ఇమిడిపోయే గుణం. ఇటలీ వాళ్లు స్పార్వియెరో అని 60 టన్నుల హైడ్రోఫాయిల్ (వేగంలో నీళ్ల మీదకి లేచి పరిగెత్తే) పడవల మీద దీని పాత కాంపాక్ట్ రకాన్ని పెట్టారు. అరవై టన్నులంటే రెండు లోడు లారీల బరువు, అంత పడవకి ఇంత ఫిరంగి! అదే కుటుంబానికి చెందిన గన్ మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మీద ఉంది, 163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల డిస్ట్రాయర్ (పెద్ద రకం యుద్ధనౌక). 2025 ఆగస్టులో మన ఊళ్లోనే నేవీలో చేరిన ఉదయగిరి, హిమగిరి యుద్ధనౌకల మీద కూడా ఇదే.

ఇక పనితీరు. గొట్టం పొడవు సుమారు 4.7 మీటర్లు, గుండు బయటికొచ్చే వేగం సెకనుకి 900 మీటర్ల పైమాట, గుమ్మటం సెకనుకి 60 డిగ్రీలు తిరుగుతుంది, అంటే మీరు ఒకటీ రెండూ మూడూ అనేలోపు వెనక్కి తిరిగేస్తుంది. గొట్టం దాదాపు నిటారుగా, 85 డిగ్రీల దాకా లేస్తుంది. దూరం మామూలు గుండుతో 16 కిలోమీటర్లు. మన భాషలో చెప్పాలంటే ఆర్‌కే బీచ్ దగ్గర్నుంచి రుషికొండ దాటుతుంది, భీమిలి చేరదు. ఇటలీ వాళ్ల కొత్త వల్కానో గుండైతే 40 కిలోమీటర్లంటున్నారు, అప్పుడు భీమిలి మీదుగా పోతుంది.

కింద డెక్‌లో ఏముందో మమ్మల్ని చూడనివ్వలేదు గానీ, అసలు కథంతా అక్కడే. గన్ కింద గుండ్రంగా తిరిగే పెద్ద డ్రమ్ము ఉంటుంది, అందులో 80 గుండ్లు రెడీగా నిలబెట్టి ఉంచుతారు. పేలుస్తుంటే అవి ఒకదాని వెనకొకటి పైకెక్కుతాయి, ఖాళీ ఇత్తడి తొడుగులు గొట్టం కింద నుంచి ముందు డెక్ మీదకి దొర్లుకుంటూ పడతాయి. ఇప్పుడు లెక్క వేయండి, నిమిషానికి 120 చొప్పున 80 గుండ్లు ఎంతసేపు? నలభై సెకన్లు. ఆ తర్వాత? మనుషులు చేత్తో నింపాలి. ఒక్కో గుండు తొడుగుతో కలిపి 12 కిలోల పైనే, నిండు గ్యాస్ సిలిండర్‌లో ఉండే గ్యాసు బరువుకి కాస్త తక్కువ. ఊగే ఓడలో, ఉక్కలో, అలాంటివి ఎనభై ఎత్తిపెట్టడం ఊహించుకోండి. బ్రోచర్లలో 120 అంకె పెద్ద అక్షరాలతో ఉంటుంది, ఈ నలభై సెకన్ల సంగతి ఎవరూ రాయరు. రష్యా 76 ఎంఎం ఏకే-176 బరువెక్కువే గానీ అందులో 152 గుండ్లు పడతాయి, ఆ విషయంలో మార్కు వాళ్లకే.

అయితే వాడేవాళ్లు నలభై సెకన్లూ ఏకధాటిగా కాల్చరు, కొన్ని కొన్నిగా వదులుతారు. అది ఎంత పనికొస్తుందో 2024లో ఎర్ర సముద్రంలో తేలింది. మార్చి 2న ఇటలీ డిస్ట్రాయర్ కైయో డుయిలియో తన వైపు వస్తున్న డ్రోన్‌ని ఆరు కిలోమీటర్ల దూరంలో కూల్చింది, వాడింది ఈ 76నే. ఆ నౌకలో ఆస్టర్ క్షిపణులున్నాయి, ఒక్కోటి పది లక్షల యూరోల పైమాట. చవక డ్రోన్ మీద దాన్ని వదలడమంటే దోమని కొట్టడానికి టీవీ విసిరినట్టే. గుండు డ్రోన్‌కి నేరుగా తగలక్కర్లేదు కూడా, దగ్గరికెళ్లగానే పేలే ఫ్యూజ్ ఉంటుంది, ముక్కలు తగిలితే చాలు. క్షిపణుల కాలంలో ఫిరంగులెందుకని పదేళ్ల కిందట వాదించిన వాళ్లలో నేనూ ఉన్నాను, ఆ రోజు నోరు మూసుకున్నాను.

ఇక నచ్చనివి. ఒకటి, ఒడ్డు మీద లక్ష్యాల్ని కొట్టడానికి ఇది చాలదు. గుండు ఆరు కిలోల చిల్లర, కాంక్రీటు కట్టడాన్ని ఏం చేస్తుంది? అందుకే మన పెద్ద నౌకలకి 127 ఎంఎం కావాలని ఏళ్లుగా అనుకుంటున్నారు, 2019 నవంబరులో అమెరికా ప్రభుత్వం 13 ఎంకే-45 గన్‌ల అమ్మకానికి అనుమతి కూడా ఇచ్చింది, ఖరీదు 102 కోట్ల డాలర్లు. కానీ ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అంత ఓడ ముందు భాగంలో ఈ చిన్న గన్‌ని చూస్తే, నిజం చెప్పాలంటే, పెద్ద పెళ్లికొడుక్కి చిన్న తలపాగా పెట్టినట్టుంటుంది.

రెండు, ధర. 2023 నవంబరులో రక్షణ శాఖ 16 మెరుగైన ఎస్‌ఆర్‌జీఎంల కోసం బీహెచ్‌ఈఎల్‌తో 2,956.89 కోట్లకి ఒప్పందం చేసుకుంది. సామగ్రి, ఉపకరణాలు అన్నీ కలిపే అనుకోండి, అయినా సగటున ఒక్కోటి 185 కోట్లు. ముప్పై ఏళ్లుగా ఇక్కడే చేస్తున్నాం, డిజైన్ మాత్రం ఇంకా వాళ్లదే, అదే నా బాధ. గురి చూసి చెప్పే లింక్స్ రాడార్ వ్యవస్థని బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) సొంతంగా చేసుకోగలిగినప్పుడు గన్ విషయంలో ఎందుకు కుదర్లేదో!

నా రేటింగ్: చిన్న, మధ్య రకం నౌకలకి ఐదుకి నాలుగున్నర, డిస్ట్రాయర్లకి మూడు. అర మార్కు కోసింది ఆ నలభై సెకన్లకే.

చూడ్డానికి వెళ్లేవాళ్లకి రెండు మాటలు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, నిచ్చెన మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే డెక్ పెనంలా కాలుతుంది. గన్ దగ్గర తెలుగు నావికుడు దొరికితే వదలకండి, వాళ్లు చెప్పినంత ఓపిగ్గా బోర్డుల మీద రాసి ఉండదు. మా వాడు చివరికి అతన్ని "అంకుల్, ఒక్కసారి పేల్చరా" అని అడిగాడు. "పేల్చొచ్చు గానీ బాబూ, తర్వాత గొట్టం తుడిచేది నేనే" అన్నాడాయన.