పాత అంబాసిడర్‌లో పాయింట్లా, ఎలక్ట్రానిక్ మాడ్యూలా: లోపం పట్టుకోవడానికి ఏది మేలు?

1489 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్‌లో, ప్లగ్‌ల నిప్పురవ్వకు హై వోల్టేజీ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ కరెంటును కలిపి విడదీసే పాయింట్లనూ, వాటి మధ్య మెరుపును అణచే కండెన్సర్‌నూ తీసివేసి, ఆ వోల్టేజీని ప్లగ్‌లకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కిందనే ఇమిడిపోయి పాయింట్ల పనే చేసే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ను బిగించుకున్నవారు ఉన్నారు. బండి నడక వరకు మాడ్యూల్‌దే పైచేయి. షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతున్న డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు నిలకడగా ఉండదు. మాడ్యూల్ ఆ ఊగుడును చాలావరకు ఓర్చుకుంటుంది. అయితే దారిలో ఆగిపోయిన బండి తన జబ్బేమిటో తానే చెప్పాలంటే లెక్క మారుతుంది.

పాయింట్లు ఉన్న బండిలో కాయిల్ నెగటివ్ కొసకూ ఎర్త్‌కూ (బండి లోహపు బాడీకి) మధ్య టెస్ట్ లాంప్ తగిలించి స్టార్టర్ తిప్పితే దీపం మిణుకుమిణుకుమనాలి. అది వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదని, అసలు వెలగకపోతే అవి విడివడడం లేదని లేదా కాయిల్‌కే కరెంటు అందడం లేదని అర్థం. ఆ తరువాత మూత తెరిస్తే మిగిలినది కంటికే తెలుస్తుంది: సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉందా, ముఖాలు మాడాయా, విడివడినప్పుడు వాటి మధ్య మెరుపు మరీ పెద్దగా వస్తోందా అన్నది చూడవచ్చు. ఆ మెరుపు పెద్దదై, ప్లగ్ దగ్గర నిప్పురవ్వ మాత్రం నీరసంగా ఉంటే ముందుగా అనుమానించవలసింది కండెన్సర్‌నే.

మాడ్యూల్ బండికీ అదే దీపం పనికివస్తుంది గాని, మిణుకు లేనప్పుడు చూడడానికి ఏమీ మిగలదు. మాడ్యూల్‌కు పూర్తి 12 వోల్టులు అందుతున్నాయా, డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని ఎర్త్ వైరు తెగిందా అని చూసుకొని, రెండూ బాగుంటే మాడ్యూలే పోయిందని తేల్చుకోవాలి.

మార్పులు చేసిన బండ్లలో అసలు చిక్కు ఈ రెంటిలోనూ కాక, వాటికి జత చేసిన కాయిల్‌లో ఉండవచ్చు. సుమారు 3 ఓమ్‌ల పాత కాయిల్‌లో పాయింట్ల గుండా దాదాపు 4 ఆంపియర్లు పారితే, బలమైన నిప్పురవ్వ కోసమని బలాస్ట్ (కరెంటును తగ్గించే రెసిస్టర్) లేకుండా తగిలించిన 1.5 ఓమ్‌ల కాయిల్‌లో అది 8 వరకు పోతుంది. పాయింట్లు త్వరగా మాడిపోతాయి, నింద వాటిమీద పడుతుంది. అలాగే మాడ్యూల్ సరఫరా వైరును బలాస్ట్ దాటాక కలిపితే, స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోయి బండి అందుకోదు. కాబట్టి వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో కాయిల్‌ను కొలవడం మొదటి పనిగా ఉండాలి.

వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ కదిలే బండి విషయంలో మన మెకానిక్కులు ముందుగా కార్బురేటర్ మీద పడతారు. కాని కాయిల్, కండెన్సర్, మాడ్యూల్ మూడూ ఈ లక్షణమే చూపగలవు. పాయింట్లున్న బండిలో కండెన్సర్‌ను మార్చి చూడడం చవకైన పరీక్ష. మాడ్యూల్‌ను మార్చి చూడడం అంత చవక కాదు.

నా మొగ్గు మాడ్యూల్ వైపే, ఒక షరతుతో: పాయింట్లు, కండెన్సర్ బిగించి ఉన్న పాత బేస్ ప్లేట్‌ను, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో సహా డిక్కీలో ఉంచుకోవాలి. కాయిల్ 3 ఓమ్‌లదే అయితే, ఆ ప్లేట్ బిగించగానే బండి అందుకుంటే మాడ్యూల్ దోషి. అప్పటికీ అందుకోకపోతే మూత, దాని కింద తిరిగే రోటార్, ప్లగ్‌లకు వెళ్లే హై టెన్షన్ వైర్ల వైపు చూడాలి.