చిన్న వైన్ పేర్లు అర్థం కావాలంటే జురా వెళ్లండి, ఆర్బ్వాలో ఉండండి

ఫ్రాన్స్‌లో వైన్ యాత్ర అంటే అందరూ బోర్డోకో బర్గండీకో టికెట్ తీసుకుంటారు. కానీ అపెలేషన్ల పద్ధతి, అంటే ఏ ప్రాంతపు వైన్‌ని ఆ ప్రాంతం పేరుతో నియమాల ప్రకారం అమ్మే విధానం, అసలు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని ఉంటే స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గరున్న జురాకి వెళ్లండి. అక్కడ తోటలన్నీ కలిపినా దాదాపు 2 వేల హెక్టార్లే. ఆర్బ్వా, షాతో షలోన్, లెత్వాల్, మిగతా ప్రాంతానికంతా కోత్ ద్యు జురా, ఇలా ఊళ్లని బట్టి వచ్చిన పేర్లు నాలుగే కాబట్టి తలలో ఇట్టే కూర్చుంటాయి. మన బనగానపల్లె మామిడికి ఉన్న జీఐ (భౌగోళిక గుర్తింపు) లాంటిదే ఇదీను, కాకపోతే ఏ నేల, ఏ ద్రాక్ష, ఎన్నాళ్లు పీపాలో ఉంచాలి అనేదాకా నియమాలుంటాయి. ఆర్బ్వాకి 1936లోనే ఈ గుర్తింపు వచ్చింది, దేశంలో మొదటివాటిలో అదొకటి.

బస ఆర్బ్వాలోనే పెట్టుకోండి. రైలు ఉంది, ఊరంతా నడిచి తిరగొచ్చు, పాశ్చర్ పెరిగిన ఇల్లు మ్యూజియంగా ఉంది. నేను మొదట దిగిన హోటల్ రోడ్డు పక్కనే, రాత్రంతా లారీల మోత, పైగా టిఫిన్‌కి విడిగా డబ్బులు. తర్వాత మారిన ఇంటి గది ధరలోనూ నయం, నిద్రలోనూ నయం. ఆ ఇంటావిడ ఏ తోటకి ముందుగా ఫోన్ చేయాలో చెప్పి తనే మాట్లాడి పెట్టింది, ఇది చాలా పెద్ద సాయం, ఎందుకంటే చిన్న రైతులు చెప్పకుండా వెళ్తే తలుపు తీయకపోవచ్చు. అంత టెన్షన్ వద్దనుకుంటే 1906లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం దుకాణానికి వెళ్లండి. అక్కడ రకాలన్నీ ఒకేచోట రుచి చూడొచ్చు, కానీ ఫలానా వాలు మీద మట్టి ఎలాంటిది అని ఓపిగ్గా చెప్పేది రైతే.

ఎక్కడికెళ్లినా మొదట ఒకటే అడగండి: ఇది ఉయేనా, వ్వాల్ కిందదా? పీపాలో ఆవిరై తగ్గిన వైన్‌ని ఎప్పటికప్పుడు నింపితే ఉయే. నింపకుండా వదిలేస్తే పైన ఈస్ట్ పొర కడుతుంది, ఆ పొరే వ్వాల్. అదే పేరు, అదే ద్రాక్ష, కానీ రుచిలో పోలికే ఉండదు. సవాన్యా అనే తెల్ల ద్రాక్షతో చేసే వాన్ జోన్, అంటే పసుపు వైన్, పంట కోసిన ఏడాది తర్వాత ఆరో ఏడాది డిసెంబరు దాకా ఆగాలి, అందులో కనీసం 60 నెలలు ఆ పొర కిందే. దాన్ని 62 సెంటీలీటర్ల పొట్టి సీసాలోనే అమ్ముతారు, లీటరులో చివరికి మిగిలేది అంతే అంటారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే మెంతులు! మెంతుల వాసనకి మూలమైన సోటోలాన్ అనే పదార్థం ఇందులోనూ ఉంటుంది. తోడుగా కోంతే చీజ్, అక్రోటు పప్పు ఇస్తే వద్దనకండి. ఇంకోమాట, ఇక్కడ తేలికైన ఎర్రవి, అంటే పూల్సార్, త్రూసో ముందు పోసి తెల్లవి తర్వాత పోస్తారు, అది పద్ధతే.

షాతో షలోన్‌కి కారు తప్పనిసరి. కొండ అంచున ఊరు, కింద తోటలు, ఆ పేరుతో వాన్ జోన్ ఒక్కటే చేస్తారు. కోతకి ముందు తోటల్ని పరిశీలిస్తారు, పంట బాగాలేని 2001లో లాగా ఆ ఏడాదికి పేరే వదులుకుంటారు. ఒక అపెలేషన్ విలువేంటో నాకు అక్కడే అర్థమైంది. ఊరు మాత్రం పూట సరిపోతుంది, మిగతా సగం రోజు బోమ్ లే మెస్యో లోయకీ అక్కడి జలపాతానికీ ఇవ్వండి. కారు నడిపేవాళ్లు రుచి చూసి ఉమ్మేయాలి, దానికి గిన్నె అక్కడే పెడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆది, సోమవారాల్లో చాలా భోజనశాలలు మూసేస్తారు, మధ్యాహ్నం దుకాణాలూ అంతే. శాకాహారులు ముందే చెప్పాలి, లేకపోతే చీజే దిక్కు. ఫిబ్రవరి మొదట్లో వాన్ జోన్ పండగ ఉంటుంది, జనం బాగా వస్తారు. రైతుతో తీరిగ్గా మాట్లాడాలనుకుంటే ఆ వారం కాకుండా మే, జూన్ నెలల్లో వెళ్లండి.