డైమండ్ గోబీయా, యెల్లో వాచ్‌మనా? ఏది మేలు?

"ఇసుక మీద గోధుమరంగు పొర కడుతోంది, ఒక గోబీని వేద్దామనుకుంటున్నాను. డైమండ్ తెచ్చుకోనా, యెల్లో వాచ్‌మన్ తెచ్చుకోనా?" ఉప్పునీటి ట్యాంకు పెట్టిన రెండు మూడు నెలలకు చాలామంది అడిగే మాటే ఇది. ఇసుక నేల మీద మసలే ఈ గోబీ చేపలు రెండూ నేను పెంచాను. ఇప్పుడు నా ట్యాంకులో ఉన్నది వాచ్‌మన్.

డైమండ్ పని చేస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నోటినిండా ఇసుక తీసుకుని, అందులోని సన్న పురుగుల్నీ, కోపెపాడ్లనే అతి చిన్న జీవుల్నీ ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తుంది. వెలుతురు ఉన్నంతసేపూ ఇదే పని. కొద్ది రోజుల్లోనే ఇసుక కడిగి ఆరబోసినట్టు తెల్లబడుతుంది. ఈ ఒక్క విషయంలో వాచ్‌మన్ దాని దరిదాపులకు కూడా రాదు. బొరియ ముందు కూర్చోవడమే దానికి సగం రోజు.

అయినా ఇసుక సంగతి పక్కన పెట్టి నేను ముందు చేప కడుపు సంగతి చూస్తాను. డైమండ్ బతికేది నాచు మీద కాదు, ఇసుకలో ఉండే జీవుల మీద. కొత్త ట్యాంకులో ఆ జీవులు ఇంకా పెరిగి ఉండవు. గోధుమరంగు డయాటమ్ (సూక్ష్మమైన నాచు) పొర కనిపించేదీ సరిగ్గా అప్పుడే. అంటే ఈ చేపను తెచ్చుకోవాలని మనకు అనిపించే రోజులూ, దానికి తిండి దొరకని రోజులూ ఒకటే. నీటిలో దానికి ఆధారమైన సిలికేట్ అనే ఖనిజం తగ్గాక డయాటమ్ పొర చాలావరకు తనంతట తనే పోతుంది. ఈలోపు చేప చిక్కి సగమవుతుంది.

నా మొదటి డైమండ్ అలాగే పోయింది. పొద్దస్తమానం ఇసుక నములుతుంటే కడుపునిండా తింటోందనే అనుకున్నాను. అయిదు వారాలు తిరిగేసరికి తల వెనక కడుపు లోపలికి పీక్కుపోయింది. మైసిస్ (బుల్లి రొయ్యల్లాంటి మేత) వేస్తే మిగతా చేపలు పైపైనే ఖాళీ చేసేవి, అడుక్కి చేరేది ఎక్కడో ఒకటీ అరా. తర్వాత పైపుతో ఇసుకకు దగ్గరగా రోజుకు మూడుసార్లు అందించాను గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ చేప గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వాచ్‌మన్ లెక్క వేరు. బొరియ దగ్గరే కాపు కాసి, కొట్టుకొచ్చిన తిండిని అందుకోవడం దాని అలవాటు. అందుకే మైసిస్, బ్రైన్ ష్రింప్ లాంటివి త్వరగానే మరుగుతుంది. రోజుకు ఒకటి రెండు సార్లు దాని ముందు పడేలా వేస్తే చాలు. పెరిగినా దాదాపు 10 సెంటీమీటర్లే కాబట్టి చిన్న ట్యాంకులోనూ ఇమిడిపోతుంది.

పిస్టల్ రొయ్యను తోడిస్తే ఇంకా బాగుంటుంది. రొయ్యకు చూపు సరిగా ఆనదు. తవ్వకం దాని వంతు, కాపలా గోబీ వంతు. బయటికొచ్చినప్పుడు రొయ్య తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ తోక కదిపిందంటే ప్రమాదమని అర్థం, వెంటనే రొయ్య లోపలికి వెళ్లిపోతుంది. గంటల తరబడి చూసినా నాకు విసుగు రాని దృశ్యం ఇది. ఈ జత పెట్టాలంటే మెత్తటి ఇసుక ఒక్కటే పోయకండి, బొరియ కూలిపోతుంది. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం ఇసుకలో పగడపు ముక్కలు, గవ్వల పెంకులు కలపండి. జత కుదరడానికి వారాలు పట్టినా కంగారు పడకండి.

డైమండ్‌ను అసలు వద్దనడం లేదు. ట్యాంకుకు ఏడాది దాటి, 300 లీటర్లకు పైబడి ఉండి, ఇసుక నేల విశాలంగా ఉంటే హాయిగా పెంచుకోవచ్చు. 15 సెంటీమీటర్లు దాటి పెరిగే చేప అని మాత్రం మరవకండి. ఇసుక మీద పగడాలు పెడితే వాటిని రోజూ ఇసుకతో కప్పేస్తుంది. రెండింటిలో ఏది వేసినా రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీదే నిలబెట్టండి, లేకపోతే కింద తవ్వగానే దొర్లిపడతాయి. మూత కూడా తప్పదు, రెండూ ఎగిరి బయటపడే చేపలే.

నియాన్ గోబీ గురించీ అడుగుతున్నారు. బుల్లి చేప, ట్యాంకుల్లోనే పిల్లలు చేయించినవి దొరుకుతాయి, పెంచడం తేలిక. కానీ అది రాళ్ల మీద ఉండేది, ఇసుక జోలికి రాదు. ఎర్రటి ఒంటి మీద నీలిగీతల కాటలీనా గోబీ మాత్రం వద్దు. అది కాలిఫోర్నియా తీరపు చల్లని నీళ్లలో ఉండేది. పగడాల ట్యాంకులో 25 డిగ్రీల దగ్గర పెడితే దాని ఆయుష్షు తగ్గించినట్టే.

ఏ గోబీ కొన్నా, మీ కళ్ల ముందే మేత వేయమని అడగండి. తిననిదాన్నీ, తల వెనక కడుపు గుంటపడినదాన్నీ తెచ్చుకోకండి.