సెనెగల్ యాత్రకు వొలోఫ్ వర్ణన పదాలు: గది, బండి, భోజనం దగ్గర

కొంచెం ఫ్రెంచ్ నేర్చుకుని సెనెగల్ వెళ్లేవాళ్లు మొదట బోల్తాపడే మాట ‘బొన్’. ఫ్రెంచ్‌లో అది మంచిది, అక్కడ ఎక్కువమంది మాట్లాడే వొలోఫ్ భాషలో చెడ్డది. గది నచ్చితే అనాల్సింది ‘బాఖ్ న’, అంటే బాగుంది. నచ్చకపోతే ‘బాఖుల్’, బాలేదు. ఈ ‘ఖ’ మన ఖడ్గంలోని ఖ కాదు, గొంతు వెనకనుంచి గీరినట్టు వస్తుంది.

ఈ రెండు మాటల్లోనే అసలు సూత్రం ఉంది. వొలోఫ్‌లో వర్ణించే పదాలు దాదాపు అన్నీ క్రియలే. తెలుగువాళ్లకు ఇది వింత కాదు: మనకూ ‘బాగుంది’కి వ్యతిరేకం ‘బాలేదు’, అంతా ఒకే మాటలో. అక్కడ ఈ తీరు ప్రతి వర్ణనకూ వర్తిస్తుంది. ‘తాంగ్ న’ అంటే వేడిగా ఉంది, ‘తాంగుల్’ అంటే వేడిగా లేదు. ‘సెత్ న’ శుభ్రంగా ఉంది, ‘సెతుల్’ శుభ్రంగా లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘ఉంది’ కోసం వెతికి మధ్యలో ‘నెక్క్’ పెడతారు. అది ఫలానా చోట ఉండటానికి వాడే మాట, వర్ణనలోకి రాకూడదు.

‘న’ బదులు ముందు ‘దఫ’ పెడితే కారణం చెప్పినట్టు అవుతుంది. గది ఎందుకు మార్చమంటున్నారని అడిగితే జవాబు ‘దఫ తాంగ్’, ఉక్కగా ఉంది కాబట్టి. మన గురించి చెప్పేటప్పుడు ‘దమ’: ‘దమ సొన్న్’ అలసిపోయాను, ‘దమ మర్’ దాహంగా ఉంది.

నామవాచకం పక్కన వర్ణన పెట్టాలంటే మన వరసను తిప్పేయాలి. శుభ్రమైన గది ‘నేగ్ బు సెత్’: ముందు గది, తర్వాత శుభ్రం, మధ్యలో ‘బు’ అనే చిన్న ముక్క. నామవాచకం ఏ వర్గానికి చెందిందో దాన్ని బట్టి ఆ ముక్క మారుతుంది. చల్లటి నీళ్లు ‘న్దొఖ్ ము సెద్ద్’, అందమైన ఇల్లు ‘కర్ గు రఫెత్’, పొడవాటి దారి ‘యోన్ వు గుద్ద్’. ఏకవచనంలోనే ఇలాంటివి ఎనిమిది ఉన్నాయి. వారం రోజుల యాత్రికుడు అవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, తెలియనిచోట ‘బు’ వాడితే అర్థమవుతుంది. నీళ్లకు ‘ము’, ఇంటికి ‘గు’ మాత్రం గుర్తుపెట్టుకోండి, రోజూ వాడతారు.

హ్రస్వ దీర్ఘాల్లో మాత్రం అశ్రద్ధ వద్దు. ‘వెఖ్’ చేదు, ‘వేఖ్’ తెలుపు. ‘సెత్’ శుభ్రం, ‘సేత్’ వెతకడం. పలక మీద గుణింతం దిద్దినవాళ్లకు ఈ తేడా సులువుగా పట్టుబడుతుంది.

ఇక బస. డకార్‌లో గది తీసుకునేముందు కొళాయి తిప్పి చూడాలి, ఫ్యాన్ వేయించాలి, దోమతెరలో చిరుగులున్నాయేమో వెలుతురుకి పట్టి చూడాలి. లోపం కనిపిస్తే అక్కడే చెప్పాలి, డబ్బు కట్టాక బేరానికి బలం ఉండదు. ‘సేర్ న’ ఖరీదెక్కువ. ‘వాఞ్ఞి కో’ తగ్గించండి. ఇంకా చవకైనది కావాలంటే ‘నేగ్ బు గన్ ఆ యొంబ్’. ఈ ‘గన్ ఆ’ ఏ వర్ణన ముందు పెట్టినా ‘ఇంకా ఎక్కువ’ అవుతుంది: ‘గన్ ఆ సెత్’ ఇంకా శుభ్రం. కానీ పలకరింపు లేకుండా నేరుగా ధరలోకి దిగడం అక్కడ మర్యాద కాదు. ముందు ‘నంగ దెఫ్’ అని కుశలం అడగాలి.

ధర వినేటప్పుడు పెద్ద చిక్కు ఒకటుంది. వొలోఫ్‌లో డబ్బు లెక్క ‘దరమ్’లలో, ఒక దరమ్ అంటే అక్కడి కరెన్సీలో 5 సీఎఫ్ఏ ఫ్రాంకులు. ‘తేమేర్’ అంటే నూరు, కానీ చేతిలో పెట్టాల్సింది 500 ఫ్రాంకులు. ‘జున్ని’ వెయ్యి, ఇవ్వాల్సింది 5000. విన్న అంకెను ఐదుతో హెచ్చించాలి. అదే ధరను ఫ్రెంచ్‌లో చెబితే హెచ్చించకూడదు. ఏ భాషలో చెప్పారో గమనించకపోతే చవకైన గది ఖరీదైనదిగా, ఖరీదైనది చవకైనదిగా కనిపిస్తుంది.

డకార్ టాక్సీల్లో మీటరు ఉండదు, ఎక్కకముందే ధర తేల్చుకోవాలి. దూరమని ఎక్కువ అడిగితే ‘సొరెవుల్’, దూరం కాదు. ఊళ్ల మధ్య తిరిగే ఏడు సీట్ల కారు నిండితేనే కదులుతుంది. ‘ఫేస్ న’ అంటే నిండింది, ‘ఫేసుల్’ అంటే ఇంకా నిండలేదు, ఆగాలి. ముందు వచ్చినవాళ్లకు మంచి సీటు. వెనక వరసలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, పొడవాటివాళ్లు తర్వాతి కారు కోసం ఆగడమే మేలు. సామానుకు విడిగా ఇవ్వాలి, అక్కడా బేరమే. పెట్టె తేలికైతే ‘దీసుల్’, బరువు లేదు అనండి.

మాట నేర్చుకోవడానికి డకార్ కన్నా సెయింట్ లూయీ నయం. డకార్‌లో ఫ్రెంచ్ మాటలు బాగా కలిసిపోతాయి, తడబడితే ఎదుటివాళ్లు ఫ్రెంచ్‌లోకి మారిపోతారు. సుమారు 260 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న సెయింట్ లూయీ సావకాశంగా వింటుంది. ద్వీపంలోని పాత ఇళ్లలో బస చేస్తే ఫెదెర్బ్ వంతెన, చేపలవాళ్ల గెట్ ఎన్దార్ పేట రెండూ నడక దూరమే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ‘సెద్ద్ న’ అనే మాటకు నిజంగానే పని పడుతుంది, దుప్పటి అడిగి ఉంచుకోండి. గోరే ద్వీపం డకార్ నుంచి పడవలో 20 నిమిషాలే, చూడాల్సిన చోటే, కానీ పర్యాటకుల రద్దీలో మాటలు కొనుగోళ్ల దగ్గరే ఆగిపోతాయి. దక్షిణాన జిగించోర్‌లో వొలోఫ్ నడుస్తుంది గానీ చాలామంది ఇంట్లో జోలా మాట్లాడతారు.

భోజనం దగ్గర రంగులే జాబితా. చేపా అన్నం కలిపి వండే ‘చేబు జన్’ రెండు రకాలు: టమాటా ముద్దతో చేసింది ‘బు ఖొంక్’, ఎర్రది, అది లేనిది ‘బు వేఖ్’, తెల్లది. రుచి నచ్చితే ‘నేఖ్ న’. ఈ మాట గాలికీ, ఊరికీ, కబుర్లకీ కూడా చెల్లుతుంది, ఒక్కటే నేర్చుకుంటానంటే దీన్నే నేర్చుకోండి. మిరపకాయ ‘కాని’, పళ్లెంలో పైన పెట్టిన గుండ్రటి కాయను మన పచ్చిమిరప అనుకుని కొరకొద్దు, చాలా ఘాటు.

‘చాలా’ అనడానికి ‘లోల్’ ఉంది, ‘సేర్ న లోల్’. అసలు అందం మాత్రం జతమాటల్లో. మనకు చిమ్మచీకటి, కటికచేదు ఉన్నట్టే వాళ్లకు ‘వేఖ్ తాల్’ తెల్లటి తెలుపు, ‘ఞూల్ కుక్’ కారునలుపు, ‘సెత్ వెచ్’ మచ్చలేని శుభ్రం, ‘ఫేస్ దెల్’ అంచుదాకా నిండుగా. ఏ జత దానిదే: కటికపగలు అనం కదా, అక్కడా ‘సెత్ తాల్’ కుదరదు. గది చూపించినామెతో ‘సెత్ న వెచ్’ అంటే ముఖం వికసిస్తుంది.

పసిపిల్లలను చూసి ‘రఫెత్ న’, ముద్దుగా ఉంది, అన్నప్పుడు మాత్రం వెంటనే ‘కార్’ అనాలి. అది దిష్టి తగలకుండా అనే మాట. అనకపోతే తల్లే అంటుంది.