హ్యూస్టన్‌లో హెచ్‌ఓఏ ఇల్లు: ఏళ్ల తరబడి ఉన్నాక నా సమీక్ష

అమెరికాలో మనవాళ్లు నలుగురు కలిసిన చోట హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) మాట వస్తే వినిపించేవి రెండే గొంతులు. ఒకరు చెత్తడబ్బా బయటికి కనిపించిందని ఉత్తరం పంపారంటూ మండిపడతారు. ఇంకొకరు ఆ సంఘమే లేకపోతే పక్కింటాయన ముంగిట్లో తుప్పు కార్లు పేర్చేవాడని వెనకేసుకొస్తారు. హ్యూస్టన్ పశ్చిమ భాగంలో, పెద్ద ఓక్ చెట్లున్న ఒక పాత కాలనీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. నాకైతే ఇద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారనిపిస్తుంది. కాలనీ రూపాన్ని చెడగొట్టే పనులను ఆపడంలో మా సంఘం గట్టిదే. ఆ రూపాన్ని నిలబెట్టడం దగ్గరికి వచ్చేసరికి దాని బలమంతా బ్యాంకు ఖాతాలో ఎంత ఉందన్నదాన్ని బట్టే.

హ్యూస్టన్‌లో ఈ సంఘాలకు ఇంత పట్టు ఎందుకో తెలియాలంటే ఒక విషయం తెలుసుకోవాలి. ఎక్కడ ఇళ్లుండాలో, ఎక్కడ దుకాణాలుండాలో నిర్ణయించే జోనింగ్ చట్టం లేని అమెరికా నగరాల్లో ఇదే అతి పెద్దది. 1993లో ఓటింగ్ పెడితే ప్రజలే జోనింగ్ వద్దన్నారు. కాబట్టి మీ పక్క స్థలంలో టైర్ల దుకాణం రాకుండా ఆపేది డీడ్ రిస్ట్రిక్షన్లే, అంటే స్థలం వాడకంపై ఆస్తి పత్రాల్లో రాసి ఉండే షరతులే. వీటిని కౌంటీ క్లర్కు దగ్గర రిజిస్టర్ చేస్తారు. అవి మనిషికి కాదు, భూమికి అంటుకుని ఉంటాయి. ఇల్లు ఎన్ని చేతులు మారినా కొన్నవాళ్లు వాటికి కట్టుబడాల్సిందే. ఇక్కడ వీటిని అమలు చేయించడానికి నగరపాలక సంస్థ న్యాయవిభాగం కూడా కోర్టుకు వెళ్లగలదు.

రోజువారీ అనుభవం మాత్రం ఇంత గంభీరంగా ఉండదు. వీధి తలుపుకు ముదురు నీలం రంగు వేయిద్దామనుకున్నాం. దరఖాస్తు నింపి, రంగు నమూనా ముక్క అతికించి, ఇంటి ఫొటోతో, ఇళ్ల బయటి మార్పులకు అనుమతిచ్చే సంఘం ఆర్కిటెక్చరల్ కమిటీకి పంపాం. పరిసరాలతో పొందిక లేదని ఒక్క వాక్యంలో తిరస్కరించారు. పొందిక అంటే ఏమిటో ఏ కాగితంలోనూ రాసి లేదు. టెక్సస్‌లో 2021లో వచ్చిన చట్టం ప్రకారం తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా వివరించాలి. 30 రోజుల్లోగా సంఘాన్ని నడిపే బోర్డు ముందు విచారణ కోరే హక్కు యజమానికి ఉంది. 40 ఇళ్లకు మించిన సంఘాల్లో బోర్డు సభ్యులు గానీ వారి భార్యాభర్తలు గానీ ఈ కమిటీలో కూర్చోకూడదు. మా వీధిలో అప్పటికే ఉన్న తలుపుల ఫొటోలన్నీ పట్టుకుని విచారణకు వెళ్లాం. కాస్త లేత నీలానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాత బోర్డు అనుమతించే రంగుల జాబితా ప్రకటించింది, తగవులు చాలా తగ్గాయి. ఆ పని ముందే చేసి ఉంటే ఎన్ని సాయంత్రాలు మిగిలేవో!

ఇక ఉత్తరాల సంగతి. సంఘం తరఫున పనులు చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ మనిషి కారులో వీధులన్నీ మెల్లగా తిరుగుతూ ఫోనుతో ఫొటోలు తీస్తాడు. మాకు వచ్చిన ఉత్తరంలోని ఫొటోలో ఫెన్సు పైనుంచి చెత్తడబ్బా మూత తొంగిచూస్తోంది, దాని చుట్టూ ఎర్రటి గీత. నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. అయితే ఈ చిన్నబుద్ధి వెనక ఒక న్యాయపరమైన భయం ఉంది. టెక్సస్‌లో డీడ్ రిస్ట్రిక్షన్ ఉల్లంఘనపై నాలుగేళ్లలోపు దావా వేయాలి. ఒక నిబంధన నలుగురూ మీరుతున్నా సంఘం ఊరుకుంటూ పోతే, అది దాన్ని వదులుకుందని కోర్టు భావించే అవకాశం ఉంది. అందుకే చెత్తడబ్బానూ వదలరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఇక్కడ కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయలేరు, వార్షిక చందా బాకీ పడితే మాత్రం వేయగలరు. అలా వేలమైన ఇంటిని 180 రోజుల్లోగా బాకీ తీర్చి విడిపించుకునే హక్కు యజమానికి ఉంటుంది.

ఏది కాపాడాలో తేల్చే అధికారం కూడా పూర్తిగా సంఘం చేతిలో లేదు. ఒకప్పుడు ఇలాంటి పత్రాలతోనే నల్లజాతివారికి, చాలాచోట్ల ఆసియావాసులకు ఇళ్లు అమ్మకుండా అడ్డుకున్నారు. ఆ నిబంధనలను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు ఇచ్చింది, 1968 చట్టం ఆ వివక్షనే నిషేధించింది. చిన్న విషయాల్లోనూ ప్రభుత్వం జోక్యం చేసుకుంటూ వచ్చింది. మీటరు వరకూ వ్యాసమున్న డిష్ యాంటెన్నాను కాదనే వీల్లేదని కేంద్ర నిబంధన 1996లోనే వచ్చింది. సోలార్ పలకలకు 2011లో, నీరు తక్కువ తాగే మొక్కలకు 2013లో టెక్సస్ చట్టం అండ దొరికింది. గుమ్మానికి కట్టే మతచిహ్నాలకు 2011లో రక్షణ ఇచ్చారు గానీ 25 చదరపు అంగుళాల పరిమితి పెట్టారు. మన మామిడి తోరణానికి అది ఏ మూలకూ సరిపోదు. 2021లో ఆ పరిమితి తీసేశారు. అంతకుముందు కూడా మా తోరణానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదులెండి. ప్లాస్టిక్ ఆకులే అయినా అందంగానే ఉండేవి.

2017లో హార్వీ తుపాను వరద తగ్గాక మా బోర్డు చేసిన మేలు మాత్రం మరచిపోలేను. డ్రైవ్‌వేలో ట్రెయిలర్ నిలపకూడదన్న నిబంధనను తాత్కాలికంగా పక్కనపెట్టి, ఇళ్లు మునిగినవారిని వాటిలో ఉండనిచ్చారు. వీధి పొడవునా తడిసిన గోడ పలకలు, పరుపులు గుట్టలుగా పడి ఉన్నా ఒక్క ఉత్తరం రాలేదు.

నా ఫిర్యాదు వేరే ఉంది. కాలనీ చుట్టూ ఉన్న ఇటుక గోడ పెద్ద రోడ్డు వైపు ఒరుగుతోందని అందరికీ కనబడుతూనే ఉంది. ఓట్లు పోతాయని బోర్డులు వరుసగా చందా పెంచకుండా నెట్టుకొచ్చాయి, పెద్ద మరమ్మతుల కోసం దాచే రిజర్వ్ ఫండ్ చిక్కిపోయింది. చివరికి గోడలో కొంత భాగం కూలింది. ప్రత్యేక వసూలుకు సభ్యుల ఓటు కావాలి. సర్వసభ్య సమావేశం పెడితే కోరం (ఓటింగుకు కావలసిన కనీస హాజరు) లేదు, మళ్లీ పెడితే మళ్లీ లేదు. అన్నాళ్లూ గోడ ఉండాల్సిన చోట నారింజరంగు ప్లాస్టిక్ వల వేలాడింది. ఆ కాలంలోనే, ఫెన్సులో రెండు చెక్కలు ఊడాయని మా ఎదురింటివారికి నోటీసు వచ్చింది! గోడ చివరికి కట్టారు, ఓక్ చెట్ల కొమ్మలు కొట్టించే ఖర్చు వాయిదా వేసి. కాలనీకి అందమిచ్చే రెండింటిలో ఒకదాన్ని పస్తు పెట్టి రెండోదాన్ని నిలబెట్టడమన్నమాట.

కొనే ఆలోచన ఉంటే సంఘం ఆర్థిక స్థితి చెప్పే రీసేల్ సర్టిఫికెట్ తెప్పించుకుని, రంగుల నిబంధనలకన్నా ముందు రిజర్వ్ ఫండ్ అంకె, నడుస్తున్న దావాలు చూడండి. బోర్డు సమావేశాల మినిట్స్ అడిగి, అందులో మరమ్మతుల మాట ఎన్నిసార్లు వాయిదా పడిందో చదవండి. పడవో పనికి వాడే ట్రక్కో ఇంటి ముందు పెట్టుకోవాలనుకునేవారికి ఇలాంటి కాలనీ పడదు. నేనిచ్చేది అయిదుకు మూడున్నర. కోసిన ఆ ఒకటిన్నరలో చెత్తడబ్బా వాటా తక్కువే, గోడ వాటా ఎక్కువ.